అరువు గొంతు, సొంత గొంతు

మా అమ్మాయి మొదటిసారి మైకు పట్టుకున్న రాత్రి నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఒక బారు వెనకాల ఉన్న చిన్న గది అది. ఇరవై కుర్చీలుంటే, వాటిలో కూర్చున్నవాళ్ళలో ముప్పాతిక మంది తమ వంతు కోసం కాచుకున్న కమెడియన్లే. వచ్చినవాళ్ళు ఒక కాగితం మీద పేరు రాసుకోవాలి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఇంకొక్క నిమిషమే ఉందనగా వెనకనుంచి ఎవరో చిన్న లైటు చూపిస్తారు. ఇక ముగించమని దానర్థం. దీన్నే ఓపెన్ మైక్ అంటారు. ఈ దేశంలో స్టాండప్ కామెడీ చేసి పేరు తెచ్చుకున్న వాళ్ళలో చాలామంది ఇలాంటి గదుల్లోంచి నడిచి వచ్చినవాళ్ళే. చుట్టాల ముందు ఒక పాట పాడమంటే పారిపోయే పిల్ల, ముక్కూ మొహం తెలియని వాళ్ళను నవ్వించడానికి ఎందుకు పూనుకుందో నాకు అప్పటికి అర్థం కాలేదు.

మొదటి మూడు నిమిషాలు తన గురించి చెప్పుకుంది. కాలేజీ, కొత్త ఉద్యోగం, ఊరుకాని ఊళ్ళో ఒంటరిగా ఉండటం. ఎవరూ నవ్వలేదు. గ్లాసుల్లో ఐసు కదిలిన చప్పుడు కూడా వినిపించింది. లైటు వెలిగాక, ఇక లాభం లేదనుకుందో ఏమో, వాళ్ళ నాన్న, అంటే నేను, టెలిఫోను కంపెనీకి ఫోను చేసి ఇంటిపేరు స్పెల్లింగు చెప్పే వైనం చేసి చూపించింది. నా 'వ'లూ, నా 'జ'లూ, లేనిచోట నేను పెట్టే ఒత్తులూ అచ్చంగా దిగిపోయాయి. గది గొల్లుమంది. నేనూ నవ్వాను. కారులో తిరిగి వస్తూ "బాగా చేశావమ్మా" అన్నాను. తను కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "అదొక్కటే పనిచేసింది నాన్నా" అంది. ఆ మాటలో సంతోషం లేదు.

ఈ వ్యాసం ఆ మాట దగ్గరే మొదలైంది. కొత్తగా నవ్వించబోయే మనిషికి మొట్టమొదట దొరికేది సాధారణంగా అరువు నవ్వే. ఆ నవ్వును వదులుకుని తన గొంతును ఎలా వెతుక్కుంటాడు? వదులుకున్నందుకు ఏం చెల్లిస్తాడు? ఈ రెండు ప్రశ్నలూ పెట్టుకుని కొందరు కమెడియన్ల పనిని మళ్ళీ చూశాను. చూస్తూ చూస్తూ మన తెలుగు స్టేజీ దగ్గరికీ, నా దగ్గరికీ కూడా వచ్చాను.

*

ఒక మనిషి నిలబడి మాటలతో జనాన్ని కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఒక్కరే కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిరతలు పట్టి గంటల తరబడి హరికథ చెప్పారు. హరిదాసు అసలు కథ మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించి మళ్ళీ కథలోకి లాక్కుపోతాడు. బుర్రకథలో నడుమ కథకుడు ఉంటే, వంతల్లో ఒకరి పని రాజకీయం, మరొకరి పని హాస్యం. అవధానంలో అవధాని ఏకాగ్రతను చెడగొట్టడానికే అప్రస్తుత ప్రసంగి అనే పృచ్ఛకుణ్ణి కూర్చోబెడతారు. ఇక నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణను చిల్లర వినోదం స్థాయి నుంచి కళ స్థాయికి తీసుకువెళ్ళారు. 2001లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అయితే ఈ కళలన్నిటిలోనూ నవ్వించేవాడికి ఒక ఆసరా ఉంది. హరిదాసుకు పురాణం ఉంది. వంతకు కథకుడు ఉన్నాడు. ధ్వన్యనుకరణ చేసేవారికి జనమంతా ఎరిగిన ఒక గొంతు ముందే ఉంది. స్టాండప్ కమెడియన్ "నేను" అని మొదలుపెట్టాలి. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ 'నేను' ఎవరో అతనికే తెలియదు. అందుకని ఎవరిదో ఒక గొంతు అరువు తెచ్చుకుంటాడు. తనకు ఇష్టమైన పెద్ద కమెడియన్‌ది తెచ్చుకోవచ్చు, తన జాతి గురించి జనం ముందే అనుకుంటున్న బొమ్మను తెచ్చుకోవచ్చు. రెండోది ఎక్కువ లాభసాటి బేరం. ఆ బొమ్మ వాళ్ళ మనసుల్లో ముందే ఉంది కాబట్టి దాన్ని కదిపితే చాలు, నవ్వు వస్తుంది.

*

అరువు గొంతుతో బాగా బతుకుతూ దాన్ని మధ్యలో దించేసిన వాళ్ళలో ముందుగా చెప్పవలసినవాడు రిచర్డ్ ప్రయర్. 1940లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో పుట్టాడు. నాయనమ్మ నడిపే వేశ్యాగృహంలో పెరిగాడు. 1963లో న్యూయార్కు చేరాడు. అప్పటికి బిల్ కాస్బీ పేరు వెలుగుతోంది. ఎవరినీ నొప్పించని, జాతి ప్రసక్తి లేని హాస్యం కాస్బీది. ప్రయర్ ఆ దారి పట్టాడు. టీవీ అవకాశాలు వచ్చాయి, డబ్బూ వచ్చింది. 1967లో లాస్ వేగస్‌లోని అలాద్దీన్ హోటల్లో ప్రదర్శన మధ్యలో, తానిక్కడేం చేస్తున్నానని తన్ను తానే అడుగుకుని స్టేజి దిగి వెళ్ళిపోయాడు.

ఈ కథను అందరూ ఇక్కడితో ఆపుతారు. స్టేజి దిగిన రాత్రే సొంత గొంతు దొరికినట్టు చెబుతారు. నాకు అసలు కథ తరువాతే ఉందనిపిస్తుంది. ఆ తరువాత కొన్నేళ్ళు అతను తడుముకున్నాడు. 1971లో బర్క్లీ వెళ్ళి కొంతకాలం అక్కడి చిన్న చిన్న చోట్ల ప్రయోగాలు చేశాడు. తిరిగి వచ్చేటప్పటికి అతని వెంట పియోరియా మనుషులు వచ్చారు: తాగుబోతులు, పాస్టర్లు, వీధి అరుగుల మీద కబుర్లు చెప్పే ముసలివాళ్ళు. వాళ్ళలో మడ్‌బోన్ అనే ముసలాయన మిసిసిపీ నుంచి వచ్చినవాడు. చిక్కటి దక్షిణాది యాస ఆయనది. కానీ అక్కడ జనం యాసకు నవ్వరు. లోకాన్ని చూసిన ఆ ముసలాయన తెలివికి నవ్వుతారు. 1979లో వచ్చిన 'లైవ్ ఇన్ కన్సర్ట్' సినిమాలో ప్రయర్ తన గుండెపోటును నటించి చూపిస్తాడు. గుండె అతన్ని నిలదీస్తుంది, అతను కిందపడి బతిమాలుకుంటాడు. చావుకు దగ్గరగా వెళ్ళిన మనిషి తన భయాన్ని అలా నలుగురి ముందూ పరవడం అంతకుముందు స్టాండప్‌లో అరుదు.

ఇంకొక్క సంగతి. ప్రయర్ తన ఆల్బంలలో నల్లవాళ్ళను తిట్టే ఒక మాటను లెక్కలేనన్నిసార్లు వాడాడు. 1974 ఆల్బం పేరులోనే ఆ మాట ఉంది. దానికి గ్రామీ కూడా వచ్చింది. 1979లో కెన్యా వెళ్ళివచ్చాక ఆ మాట ఇక వాడకూడదని నిశ్చయించుకున్నాడు. 1982లో వచ్చిన సినిమాలో ఆ సంగతి స్టేజి మీదే చెప్పాడు. తన శైలికి గుర్తుగా మారిన మాటను తానే పక్కన పెట్టాడన్నమాట. శైలి ఒకసారి దొరికితే జీవితాంతం దాచుకునే నగ కాదని నాకు ఇక్కడే అర్థమైంది.

2002లో వచ్చిన 'కమెడియన్' అనే డాక్యుమెంటరీ ఇదే విషయాన్ని మరో పక్కనుంచి చూపిస్తుంది. జెర్రీ సైన్‌ఫెల్డ్ తన పాత జోకులన్నిటినీ 1998లో ఒక ప్రదర్శనతో అటకెక్కించి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాడు. న్యూయార్కులో చిన్న క్లబ్బుల్లో కాగితాలు చూసుకుంటూ, మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోతాడు. అంత పేరున్నవాడికీ జనం పేరును చూసి ఇచ్చే గడువు కొద్ది నిమిషాలే. ఆ తరువాత జోకు కావాలి. అదే సినిమాలో పైకి రావాలని ఆరాటపడే ఒక యువ కమెడియన్ ఉంటాడు. వయసు మీద పడుతోందనీ, తన ఈడు వాళ్ళు ఇళ్ళూ వాకిళ్ళూ అమర్చుకున్నారనీ వాపోతాడు. సైన్‌ఫెల్డ్‌కు ఆ బాధ అర్థమే కాదు. పనిచేసే చోటే తన ఇల్లు అనుకున్నవాడు అతను. ఈ ఇద్దరినీ పక్కపక్కన చూస్తే, మొదలుపెట్టేవాడు ఏ ఆకలితో వచ్చాడన్నది శైలి మీద పడక తప్పదనిపిస్తుంది.

*

ఇప్పుడు మన ఇంటి పిల్లవాడి సంగతికి వస్తాను. హరి కొండబోలు 1982లో న్యూయార్కులో, తెలుగు తల్లిదండ్రులకు పుట్టాడు. క్వీన్స్‌లో పెరిగాడు. మొదట్లో తానూ భారతీయ యాసను అనుకరించి, మన మీద ఉన్న మూస అభిప్రాయాలను వాడుకుని నవ్వించినవాణ్ణేనని అతను దాచుకోలేదు. 2001 సెప్టెంబరు 11 తరువాత మన రంగువాళ్ళ మీద జరిగిన దాడులూ, అరెస్టులూ చూశాక ఆ నవ్వు మింగుడు పడలేదు. సియాటిల్‌లో పగలు వలసదారుల హక్కుల కోసం పనిచేస్తూ, రాత్రిళ్ళు స్టేజి ఎక్కాడు. టీవీలో అవకాశాలు వస్తున్న కాలంలోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానవ హక్కుల మీద మాస్టర్స్ చేశాడు. నవ్వించే వృత్తిలోకి వెళ్ళేవాడికి ఆ చదువు ఎందుకని మన చుట్టాల్లో ఎవరైనా అడిగే ప్రశ్నే. అతని జోకులు వింటే జవాబు దొరుకుతుంది.

2014లో వచ్చిన అతని ఆల్బం 'వెయిటింగ్ ఫర్ 2042'. ఈ దేశంలో 2042 నాటికి తెల్లవాళ్ళు సగానికన్నా తగ్గుతారని సెన్సస్ బ్యూరో వేసిన ఒక అంచనా నుంచి ఆ పేరు వచ్చింది. తెల్లవాళ్ళు 49 శాతానికి దిగితే మైనారిటీ అయిపోతారన్న భయంలో ఒక తప్పు లెక్క ఉందంటాడు అతను. మిగిలిన 51 శాతం మందినీ ఒక్కటే ముద్దగా చూసేవాడికి తప్ప ఆ భయానికి అర్థం లేదు. ఈ జోకులో యాస లేదు, అమ్మానాన్నలు లేరు, కూర వాసన లేదు. ఉన్నదల్లా ఒక వాదన. వాదనను చివరిదాకా లాగి, అది ఎక్కడ తెగుతుందో చూపించి నవ్వించడం కొండబోలు శైలి. మన తార్కికుల పద్ధతి గుర్తుకొచ్చి నాకు ముచ్చటేసింది.

1990లో 'సింప్సన్స్' కార్టూన్లో అపూ అనే కొట్టు యజమాని మొదటిసారి కనిపించేటప్పటికి కొండబోలుకు ఏడేళ్ళు. ఆ గొంతు ఇచ్చినవాడు హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. 2012లో ఒక టీవీ కార్యక్రమంలో కొండబోలు ఆ గొంతు గురించి రెండు ముక్కలు మాట్లాడాడు. ఒక తెల్లవాడు మా నాన్నను వెక్కిరిస్తుంటే, ఆ వెక్కిరించేవాణ్ణి ఇంకో తెల్లవాడు అనుకరించినట్టుందని దాని సారాంశం. గమనించండి. ఒకప్పుడు జోకులో నాన్న గురి. ఇక్కడ నాన్న పక్కన కొడుకు నిలబడ్డాడు, గురి వెక్కిరించేవాడి మీదికి తిరిగింది. అతని శైలి దొరికిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

2017లో ఆ రెండు ముక్కల్నే పెంచి 'ద ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీశాడు. అది చేసిన పని చిన్నది కాదు. పెద్ద చర్చ జరిగింది. 2020లో అజారియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని చెప్పాడు. కానీ హాస్యంగా చూస్తే ఆ సినిమా నాకు స్టేజి మీది కొండబోలు కంటే తక్కువగా తోచింది. అజారియాను ఇంటర్వ్యూకు ఒప్పించే ప్రయత్నం చుట్టూ కథ అల్లాడు. చివరికి అతను రాలేదు. దాంతో సినిమా ఒక ఫిర్యాదు పత్రంలా ముగుస్తుంది. ఫిర్యాదు న్యాయమైనదే. అయినా స్టేజి మీద అతని వాదన తన మీద తనకే అనుమానం వచ్చినట్టు మలుపులు తిరుగుతుంది, సినిమాలో తిన్నగా నడుస్తుంది.

ఇంతకన్నా పెద్ద అసంతృప్తి మరొకటి ఉంది. యాసను పారేసినప్పుడు దానితోపాటు మనుషులు కూడా కొంత పోయారేమో. ఆల్బంలలో వాదన ఎంత పదునుగా ఉన్నా, ఆ తరం తల్లిదండ్రుల మాట తీరు, వాళ్ళ కొంటెతనం, అప్పటికప్పుడు పుట్టించే ఇంగ్లీషు అక్కడ పెద్దగా వినిపించవు. ఎందుకు వదిలాడో నాకు తెలుసు. అమెరికన్ శ్రోతకు ఆ యాస అందించిన మరుక్షణం అతను అపూనే వింటాడు. అయినా ప్రయర్ మడ్‌బోన్ యాసను వదలలేదు. యాసకు సరిపడ్డ మనిషిని దాని వెనక నిలబెట్టాడు. మన మడ్‌బోన్ ఇంకా ఇంగ్లీషు స్టేజి మీదికి రాలేదు.

*

ఇంతవరకూ తెల్లవాళ్ళ తప్పులూ, మన పిల్లల కష్టాలూ చెప్పాను. ఇప్పుడు నా వంతు.

చాలా ఏళ్ళ క్రితం ఒక ఉగాది సభలో నన్ను వ్యాఖ్యాతగా పెట్టారు. రెండు పాటల మధ్య ఖాళీలు పూడ్చాలి. నేను గుంటూరు వైపు వాణ్ణి. తెలంగాణ యాసలో ఒకటి, శ్రీకాకుళం యాసలో ఒకటి, ఇద్దరు పాత్రలను మాట్లాడించాను. ఆ యాసలు నేను ఏ ఊళ్ళోనూ వినలేదు, సినిమాల్లో విన్నాను. హాలు హోరెత్తింది. భోజనాల దగ్గర కరీంనగర్ మిత్రుడొకడు కలిశాడు. "మంచిగ చేసినవ్ అన్నా" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "మా అమ్మ గూడ గట్లనే మాట్లాడేది" అని, ప్లేటు పట్టుకుని వరసలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళ అమ్మగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదని నాకు తరువాత తెలిసింది.

అతను ఫిర్యాదు చేయలేదు. చేసి ఉంటే వాదించేవాణ్ణి. సరదాకి చేశానని, మనమంతా ఒకటేనని ఏదో చెప్పేవాణ్ణి. అపూ విషయంలో చాలామంది తెల్లవాళ్ళు చెప్పినదీ ఇంచుమించు ఇదే. కొన్ని యాసలు వింటేనే నవ్వొస్తుంది, ఏం చేస్తాం అని.

మన సినిమాల్లో దశాబ్దాల పాటు నాయకుడు ఒక తెలుగు మాట్లాడితే, తెలంగాణ యాస రౌడీకో, పనివాడికో, హాస్యగాడికో దక్కింది. శ్రీకాకుళం యాస అమాయకుడికి దక్కింది. తెలంగాణ ఉద్యమంలో ఈ అవమానం గురించి గట్టిగా మాట్లాడారు. అప్పట్లో మాలో కొందరికి అది అతిగా తోచింది. 2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి సినిమా పొడుగునా తన యాసలోనే మాట్లాడి అన్ని ప్రాంతాల వాళ్ళనూ నవ్వించింది. యాస అదే. దాని వెనక ఈసారి ఒక మనిషి ఉంది.

గురజాడ 'కన్యాశుల్కం' మొదట ప్రదర్శించింది 1892లో. అందులో గిరీశానికీ, రామప్పంతులుకూ, మధురవాణికీ ఎవరి మాట వారిదే. గిరీశం ఇంగ్లీషుకు మనం నవ్వుతాం. అది తప్పు ఇంగ్లీషని నవ్వుతున్నామా? ఆ ఇంగ్లీషుతో అతను చేసే మోసానికి నవ్వుతున్నాం. నూట ముప్పై ఏళ్ళ క్రితమే ఈ తేడా చూపించిన నాటకం ఇంట్లో పెట్టుకుని, నేను ఉగాది సభలో సినిమా యాస చేశాను.

కాబట్టి యాసను అనుకరించడమే పాపమని నేననను. ఒక పరీక్ష మాత్రం పెట్టుకున్నాను. ఆ యాస తీసేసి అదే మాటను మామూలు భాషలో చెప్పినా నవ్వొస్తుందా? వస్తే అక్కడ మనిషి ఉన్నాడు. రాకపోతే అక్కడ ఉన్నది వాడి నాలుక మాత్రమే. ఆ పరీక్షలో నా రెండు పాత్రలూ తప్పాయి. మా అమ్మాయి చేసిన టెలిఫోను బిట్టు కూడా తప్పింది.

*

ఇవన్నీ ఆ అమ్మాయికి ఉపన్యాసంలా చెప్పలేదు. ఉగాది సంగతి మాత్రం ఒకరోజు చెప్పాను. విని ఏమీ అనలేదు. నేను వెళ్ళకుండా ఏడాది పాటు ఎన్ని గదుల్లో, ఎన్ని నాలుగేసి నిమిషాలు నిలబడిందో లెక్క తెలియదు. ఇప్పుడు హైదరాబాదులో తెలుగులోనే స్టాండప్ చేసే కుర్రవాళ్ళున్నారు. వాళ్ళ వీడియోలు చూసి, అర్థం కాని మాటలు నాకు ఫోను చేసి అడిగేది.

మొన్న మళ్ళీ నన్ను తీసుకెళ్ళింది. అదే గది, అవే కుర్చీలు. ఈసారి మా నాన్న ముప్పై ఏళ్ళు ఇంగ్లీషులో ఉద్యోగం చేసినా హోటల్లో బిల్లు వచ్చినప్పుడు మాత్రం తెలుగులో లెక్కపెట్టుకుంటాడని చెప్పింది. పెదవులు కదులుతాయి, చప్పుడు రాదు. ఆ ఎక్కాలు తనకు రావు. కానీ పెదవులు ఆగిన క్షణాన్ని బట్టి టిప్పు ఎంతిస్తాడో చెప్పగలదు. తనకు రాని భాషలో తండ్రి మొహం చదవడం నేర్చుకున్నానని చెబుతున్నప్పుడు గది నిశ్శబ్దంగా ఉంది. రెండు నవ్వులు వచ్చాయి. పోయినసారి వచ్చిన దాంట్లో సగం కూడా కాదు. నా పక్కన కూర్చున్న చైనా కుర్రవాడు మాత్రం నవ్వి, తరువాత చాలాసేపు తల ఊపుతూ ఉన్నాడు.

నిశ్శబ్దం మధ్యలో వెనకనుంచి లైటు వెలిగింది. తను చూసింది, నేనూ చూశాను. ఇంకా ఒక నిమిషం ఉంది. టెలిఫోను బిట్టు ఎత్తుకుంటే గది గొల్లుమంటుందని ఇద్దరికీ తెలుసు. ఆ నిమిషమంతా అదే మొదలుపెట్టిన కథ చెప్పుకుంటూ పోయింది. నా 'వ'ల జోలికి రాలేదు.